రాసిన వయసు

మా చిన్నవ్వకు రెండు పుట్టినరోజులుండేవి. ఒకటి వాళ్లమ్మ చెప్పింది. శుక్ల నామ సంవత్సరం, ఆశ్వయుజం, కొర్ర కోతల రోజులు. లెక్క వేస్తే 1929. రెండోది బడిలో రాసింది, 1927 జూలై 1. కళ్యాణదుర్గం పక్క పల్లెలో ఆలస్యంగా బడికొచ్చిన ఆడపిల్లను ఒకటో తరగతిలో కూచోబెట్టడమెందుకని అయ్యవారు రెండేళ్లు కలిపి రాసి మూడో తరగతిలో చేర్చుకున్నాడట. ఆ తరంలో బడి మొహం చూసిన చాలామందికి జూలై 1 పుట్టినరోజే. అయ్యవారు మంచివాడే. మేలు చేద్దామనే రాశాడు. ఆ మేలు 1983లో ఆమె ఉద్యోగం తీసింది.

చిన్నవ్వ అంటే మా అవ్వ చెల్లెలు. 1952 కరువు నాటికి పెళ్లయి, బిడ్డ పుట్టి పోయి, మొగుడూ పోయి పుట్టింటికి వచ్చేసింది. రాయలసీమలో ఆ కరువును ఇప్పటికీ గంజి కరువనే అంటారు. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టి మనుషుల్ని బతికించిన కరువు. అన్నదమ్ముల ఇంట్లో ఎంతకాలం వండిపెడుతుందని ఎవరో ట్రైనింగులో చేర్పించారు. 1957లో ప్రభుత్వ బాలికల పాఠశాలలో టీచరయ్యింది. అసలు వయసు 28. కాగితం మీద 30. మన స్త్రీలలో ఉద్యోగంలోకి ఇలా వచ్చినవాళ్లెందరో! చదువు ఆగి, పెళ్లి జరిగి, ఆ పెళ్లి ఎటూ కాకుండా పోయాక, మగవాళ్లు పదేళ్ల సర్వీసు పూర్తిచేసుకున్న వయసులో మొదటి జీతం అందుకున్నవాళ్లు. సర్వీసు లెక్క మాత్రం అందరికీ ఒకటే. మన రాష్ట్ర పెన్షన్ నిబంధనల ప్రకారం పూర్తి పెన్షన్‌కు 33 ఏళ్ల సర్వీసు ఉండాలి. ముప్ఫయ్యో ఏట చేరినామెకు ఆ 33 ఎప్పటికి నిండుతాయి?

ఇక 1983 సంగతి. అంతకు నాలుగేళ్ల ముందు, 1979 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 55 నుంచి 58కి పెంచింది. చిన్నవ్వ ఊపిరి పీల్చుకుంది. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా నెల తిరక్కముందే, ఫిబ్రవరి 8న, విరమణ వయసును మళ్లీ 55కి దించుతూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికే 55 దాటినవాళ్లందరూ ఫిబ్రవరి 28న ఇంటికి పోవాలి. ఇరవై రోజుల వ్యవధి. ప్రభుత్వోద్యోగులు 18 వేల మందికి పైగా, ప్రభుత్వరంగ సంస్థలవాళ్లు 10 వేల మంది ఒక్కరోజున విశ్రాంత జీవులయ్యారు. ఆ ఉత్తర్వు వెలువడిన రోజుకు ముఖ్యమంత్రి వయసు 59. ముప్ఫై ఏళ్లకు పైగా సినిమాల్లో గడిపి, అరవయ్యో ఏట అడుగుపెట్టి, ఒక కొత్త వృత్తిలోకి వచ్చి రాష్ట్రమంతా తిరిగి గెలిచిన మనిషి. 1985లో ఆయన మా జిల్లా హిందూపురం నుంచే గెలిచి ఆ సీటే ఉంచుకున్నారు. 1994లో అక్కణ్ణుంచే గెలిచి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 71.

దీన్ని ఆయన ఒక్కడి వైరుధ్యంగా చూడటం నాకిష్టం లేదు. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది ఆ ప్రభుత్వమే, 1983లోనే. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1985లో చట్ట సవరణ తెచ్చిందీ ఆ ప్రభుత్వమే. అదీ ఇదీ రెండూ నిజమే. మా జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి రాజకీయాలు వదిలి సేద్యం చేసుకుంటూ ఉండి, 1977లో 64వ ఏట రాష్ట్రపతి అయ్యారు. ఆయన ఓపిక అయిపోయిందని ఎవరూ అనలేదు. వయోపరిమితి రాసే వాళ్లకు వయోపరిమితి ఉండదు. నేను చెప్పదలుచుకున్నది అంతకన్నా చిన్న సంగతి, మా ఇంటి సంగతి.

ఉత్తర్వుకు ప్రభుత్వం చెప్పిన కారణం నిరుద్యోగ యువత. పెద్దవాళ్లు తప్పుకుంటే పిల్లలకు దారి దొరుకుతుంది. ఉద్యోగులు కోర్టుకెక్కారు. కె. నాగరాజ్ కేసులో 1985 జనవరిలో సుప్రీంకోర్టు, 55 అన్నది నిర్హేతుకమైన వయసేమీ కాదనీ, అది ప్రభుత్వ విధాన నిర్ణయమనీ సమర్థించింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విరమణ వయసు 65 అని రాజ్యాంగంలో ఉంది. అది తీర్పుతో సంబంధం లేని విషయమే, కానీ చదువుతుంటే గుర్తుకు రాకమానదు.

ఈ యువత వాదన మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్తాను. 1983 మే నెలలో మా అక్క పుట్టింది. మా అమ్మ అనంతపురంలో టెలిఫోన్ ఆపరేటర్. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి ఈ ఉత్తర్వు ఆమెకు అంటలేదు. రాత్రి డ్యూటీలుండేవి. బిడ్డను చూసుకునే దిక్కు లేదు, ఉద్యోగం మానెయ్యమని నాన్నవైపు వాళ్లంతా అన్నారు. అప్పుడు మా అవ్వకు తట్టిందట, చెల్లెలు ఖాళీగానే ఉంది కదా అని. చిన్నవ్వ ట్రంకుపెట్టెతో అనంతపురం వచ్చింది. నాలుగేళ్లు మా అక్కను పెంచింది. తర్వాత నన్ను పెంచింది. మా అమ్మ ఉద్యోగం నిలబడింది చిన్నవ్వ ఉద్యోగం పోవడం వల్ల. ఒక పెద్దామె తప్పుకుంటే ఒక యువతికి దారి దొరికింది, నిజమే. అయితే ప్రభుత్వం చెప్పినట్టు కాదు. ఆమె కుర్చీలో మా అమ్మ కూచోలేదు. మా అమ్మ కుర్చీ నిలబడటానికి ఆమె జీతం లేకుండా మా ఇంట్లో నిలబడింది.

మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఇలా అనరు. “చిన్నవ్వకు పిల్లలంటే ప్రాణం” అంటారు. అదీ నిజమే. కానీ రిటైరైన మా తాతలు మఠంలో పురాణం వినేవాళ్లు, పేపరు చదివేవాళ్లు, ఊరి పంచాయితీల్లో పెద్దమనుషులయ్యేవాళ్లు. రిటైరైన స్త్రీ ఇంటి చాకిరీకి పూర్తికాలం దొరికిన మనిషి అవుతుంది. వృద్ధాప్యంలో చురుగ్గా ఉండాలి, నలుగురికీ ఉపయోగపడాలి అని సలహాలిచ్చే పుస్తకాలు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మన ఇళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లు ఉపయోగపడకుండా ఉన్న రోజేదైనా ఉందా? ఎవరికి ఉపయోగపడాలో, దానికి ఏ పేరు పెట్టుకోవాలో తేల్చుకునే హక్కు లేదంతే. అబ్బూరి ఛాయాదేవిగారు ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం లైబ్రరీ ఉద్యోగం నుంచి 1982లో స్వచ్ఛందంగా తప్పుకున్నారు. ‘తన మార్గం’ కథల సంపుటికి 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి ఆమెకు డెబ్భై దాటాయి. ఇద్దరూ ఇంచుమించు ఒక్క కాలంలోనే ఉద్యోగం వదిలారు. ఒకరు తనంతట తాను లేచి వచ్చారు. రెండోవారిని లేపారు.

చిన్నవ్వ కథలో ఇంకో మలుపుంది. తర్వాత కాగితాలన్నీ వరుసగా పెట్టి చూస్తేగానీ నాకు అర్థం కాలేదు. 1984 రాజకీయ గందరగోళం మధ్య, ఆగస్టు 23 నుంచి విరమణ వయసు మళ్లీ 58 అయ్యింది. మరి మధ్యలో, అంటే 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ నడుమ బయటికి పంపినవాళ్ల గతేమిటి? దీనిమీద మళ్లీ కోర్టు. బి. ప్రభాకరరావు కేసులో 1985 ఆగస్టులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ధర్మాసనం వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఇంకా 58 నిండనివాళ్లను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఈలోగా 58 దాటిపోయినవాళ్లకు పోయిన జీతం లెక్కగట్టి పరిహారం ఇవ్వాలి.

చిన్నవ్వకు కాగితం మీద 58 నిండింది 1985 జూలై 1న. తీర్పు ఆగస్టులో. రెండు నెలలు కూడా తేడా లేదు. వాళ్లమ్మ చెప్పిన వయసు లెక్కేస్తే అప్పటికి ఆమెకింకా 56 కూడా నిండలేదు. డబ్బొచ్చింది. బడి రాలేదు. ఆ డబ్బుతో మా అక్కకు వెండి గొలుసులు చేయించి, మిగిలింది పోస్టాఫీసులో వేసిందట. పుట్టినతేదీ సరిచేయించుకోవచ్చు కదా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. “వాళ్లమ్మ చెప్పిందంటే కోర్టు వింటుందా పాపా? అయ్యవారు రాసిందే సాక్ష్యం” అంది. కోపంగా అనలేదు. మార్కులు తప్పు వేసుకున్న పిల్లకు సర్దిచెప్పినట్టు అంది.

ఇదే దశకంలో వయసు గురించి ఇంకో పెద్ద తీర్పుంది. 1981 ఆగస్టులో నర్గీస్ మీర్జా కేసు. ఎయిరిండియాలో ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్లకో, నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటేనో, మొదటి గర్భం రాగానేనో దిగిపోవాలి. అదే విమానంలో పనిచేసే మగవాళ్లకు 58. గర్భం నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. పెళ్లి నిబంధననూ 35 ఏళ్ల నిబంధననూ మాత్రం తప్పుపట్టలేదు. రెండు వేర్వేరు కేడర్లు కాబట్టి వివక్ష కాదంది. ఆకాశంలో స్త్రీ 35కే ముసలిది. అనంతపురం చేనుల్లో 75కీ కాదు. రెండు చోట్లా లెక్క తనది కాదు.

చేను అన్నాను కాబట్టి మా సీమ సంగతికి వస్తాను. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ ఎప్పుడు పడుతుందో తెలీదు. ఉద్యోగం, విరమణ, పెన్షన్ అనే మాటలు ఇక్కడ చాలా తక్కువమందికి సంబంధించినవి. మిగతావాళ్లకు ఉన్నది కరువు పని. ఉపాధి హామీ పనిని మా ఊళ్లలో ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ పేరు వెనక నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1876-78 నాటి ధాత కరువులో, అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, రోడ్లు వేయడానికీ చెరువులు తవ్వడానికీ జనాన్ని తోలారు. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ పనిచేసే మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బుకు కోసేశాడు. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ ఇది ప్రాణం నిలబెట్టే తిండి కాదని ఎదురు తిరిగాడు. 1880 కరువు కమిషన్ తర్వాత వచ్చిన నియమావళి మనుషుల్ని రెండుగా విడగొట్టింది, ఒళ్లొంచగలవాళ్లు, ఒంచలేనివాళ్లు. మొదటివాళ్లు పనిచేస్తేనే కూలి. రెండోవాళ్లకు, అంటే ముసలివాళ్లకూ రోగిష్ఠులకూ, ఉచిత సాయం. నువ్వు ఏ వరసలో ఉన్నావో నీ ఒళ్లు చూసి అధికారి చెప్తాడు. పుట్టినతేదీల కాగితాలు లేని కాలంలో కళ్లే కాగితం. ఈ భాగం చదువుతున్నప్పుడు నాకు చిన్నవ్వే గుర్తొచ్చింది.

ఎందుకంటే ఆమె కూడా తర్వాత వయసులు అంచనా వేసే పని చేసింది. పల్లెకు తిరిగిపోయి ఇంటి పంచలో పిల్లలకు అక్షరాలు దిద్దించేది. సాయంత్రాలు అర్జీలు రాసిపెట్టేది. 1995 ఆగస్టులో కేంద్రం జాతీయ వృద్ధాప్య పెన్షన్ పథకం మొదలుపెట్టింది. 65 దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు. ఊళ్లో ముసలమ్మలంతా ఆ పంచలోకే వచ్చారు. 65 అని రుజువేది? ఒక్కొక్కరిని కూచోబెట్టి అడిగేది. గంజి కరువుకు నీకు పెండ్లయిందా? ముంత పట్టుకుని నువ్వే గంజికి పోయినావా, మీయమ్మ తెచ్చిందా? పెద్దమనిషి అయినాక కరువొచ్చిందా, ముందా? అలా తవ్వి ఒక అంకె తేల్చేది. నాకప్పుడు ఏడేళ్లు. పక్కన కూచుని వినేదాన్ని. ఇప్పుడాలోచిస్తే మౌఖిక చరిత్ర అని మేం విశ్వవిద్యాలయాల్లో సెమినార్లు పెట్టుకునే పనిని ఆమె పించను ఫారాల కోసం చేసింది. తన వయసును రాసినవాడు తనను అడగలేదు. ఆమె మాత్రం ప్రతి ముసలమ్మనూ అడిగి రాసింది. ఆ ఫారాల్లో ఎన్ని ఆఫీసులో నిలబడ్డాయో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. 2009లో పోయింది, కాగితం మీద 82.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. ఆ 2005 చట్టంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. పనికి రావడానికి 18 నిండాలంది, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. పై గీత లేదు. ఆడా మగా ఒకే కూలి అంది. ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, అంతకుమించి పని దగ్గరికి వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకూ అదే కూలి ఇవ్వాలంది. చిన్నవ్వ మా ఇంట్లో ఉత్తినే చేసిన పని! దానికి ఒక చట్టం కూలి కట్టింది, కనీసం కాగితం మీద. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు వేరే చట్టం చేసింది.

పై గీత లేకపోవడం ఒక హక్కే. కానీ దాన్ని కీర్తించడానికి నాకు నోరు రాదు. 70 ఏళ్ల స్త్రీ మే నెల ఎండలో తట్ట మోస్తే అది చురుకైన వృద్ధాప్యమా? మగ్గం మీద కూచున్నవాళ్ల నడుము, కళ్లు ముందే పోతాయని ఒప్పుకుని చేనేత కార్మికులకు మన రాష్ట్రం 50 ఏళ్లకే పెన్షన్ ఇస్తుంది. ధర్మవరంలో దానివల్ల బతికినవాళ్లున్నారు. వంగి కలుపు తీసిన నడుముకు ఆ లెక్క లేదు. మామూలు వృద్ధాప్య పెన్షన్ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 65 నుంచి 60కి దిగింది 2019లోనే.

ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2014లో 60, 2022 జనవరి నుంచి 62 అయ్యింది. నిరుద్యోగ యువత గురించి 1983లో చెప్పిన మాటలు ఈసారి ప్రభుత్వానికి గుర్తు రాలేదు. అంగన్‌వాడీలకు అదే 62 రావడానికి 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజుల సమ్మె చేయాల్సి వచ్చింది. మధ్యలో ఎస్మా ప్రయోగించారు. వీళ్లు 21 నుంచి 35 ఏళ్ల లోపు వివాహితలై ఉంటేనే ఉద్యోగంలో చేరగలరు. చేరాక వాళ్లది ఉద్యోగం కాదు, గౌరవ సేవ. చేరేటప్పుడు ఉద్యోగానికి ఉండే గీతలన్నీ ఉంటాయి, దిగేటప్పుడు ఉద్యోగానికి ఉండే పెన్షన్ ఉండదు.

నాకిప్పుడు 38. పెళ్లి, బిడ్డ అయ్యాక 31వ ఏట పరిశోధనకొచ్చాను. ఫెలోషిప్ వయోపరిమితిలో స్త్రీలకు అయిదేళ్ల సడలింపు ఉంది. అది లేకపోతే నేను లేను. స్త్రీ జీవితంలో కొన్నేళ్లు ఎక్కడికో పోతాయని రాజ్యానికి తెలుసన్నమాట. వచ్చే గుమ్మం దగ్గర తెలిసిన ఆ సంగతి పోయే గుమ్మం దగ్గర ఎందుకు తెలీదు? చిన్నవ్వ ఉద్యోగంలోకి 28వ ఏట వచ్చింది కాబట్టి ఇంకో అయిదేళ్లు చేసుకోమని ఎవరూ అనలేదు.

2023 వేసవిలో కళ్యాణదుర్గం వైపు కరువు పని చూడటానికి వెళ్లాను. కొండవాలులో కందకాలు తవ్వుతున్నారు. ఆ ఏడాది నుంచి రోజుకు రెండుసార్లు ఫోనులో ఫోటో తీస్తేనే హాజరు. పొద్దున ఫోటో అయ్యాక నీడకు కూచున్న ఒక అవ్వ నన్ను పలకరించింది. ఎవరి బిడ్డనో విచారించి, చిన్నవ్వ పేరు చెప్పగానే “అయ్యో, మా టీచరమ్మ మనవరాలివా!” అంది. రెండో తరగతి దాకా ఆమె దగ్గర చదివిందట. గంజి కరువులో సంకబిడ్డనని చెప్పింది. అంటే 72 అటూ ఇటూ. కొంగుముడి విప్పి ఆధార్ కార్డు ఇచ్చింది. 1965 జనవరి 1. రుజువులు లేనివాళ్ల కోసం ఆధార్ కేంద్రంలో రాసే తేదీ అది. జూలై 1 పోయి జనవరి 1 వచ్చింది.

కార్డు ప్రకారం ఆమెకు 58. పించనుకు రెండేళ్లు తక్కువ. అర్జీ రాస్తాను, వయసు సరిచేయించుకుందామన్నాను. సంతోషించింది. అంతలోనే చేయి అడ్డం పెట్టింది. డెబ్భై రెండని రాస్తే, ఇంత ముసల్ది ఏం తవ్వుతాదని మేటు పేరు తీసేస్తాడేమో. అట్లా చట్టంలో లేదవ్వా అన్నాను. చట్టం గురించి నేను చెప్పిందంతా ఓపికగా వింది, పిల్లలు చెప్పే పాఠం విన్నట్టు.

“మరి ఎంత రాయమంటావవ్వా?”

“సదువుకున్నదానివి, నువ్వే జూసి రాయి పాపా. పించను రావల్ల, పని పోగూడదు. అంత రాయి.”